సేవ్ నొక్కితే ఆ మార్పు ఎక్కడికి పోతుంది? కోడ్ ఎడిటర్‌లోంచి రూటర్లు, స్విచ్‌లు నడపడం

నల్లగొండలోనో పాలమూరులోనో కూర్చుని చుట్టుపక్కల ఊర్లలోని స్విచ్‌లు, రూటర్లు చూసుకునేవాళ్లకు అలవాటైన పద్ధతి ఒకటుంది. పుట్టీ (దూరపు బాక్సులోకి పోయే ప్రోగ్రామ్) తెరిచి లాగిన్ అవడం, నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న కమాండ్లు పేస్ట్ చేయడం, ఎర్రర్ రాకపోతే బయటికి రావడం. మైక్రోటిక్ కంపెనీ రూటరైతే దాని సొంత ప్రోగ్రామ్ విన్‌బాక్స్. ఇప్పుడు ఈ పనంతా మైక్రోసాఫ్ట్ వారి కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్ లోపలికి వస్తోంది. ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కు తగిలించే అదనపు ముక్క) వేసుకుంటే ఎడమ పక్కన మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేట అని బాక్సుల (రూటర్లు, స్విచ్‌ల) పేర్లు వరుసగా ఉంటాయి. ఒకదాని మీద నొక్కితే దాని కాన్ఫిగ్, అంటే సెట్టింగుల జాబితా, మామూలు ఫైలులా తెరుచుకుంటుంది. రంగులు, వెతుకులాట, పాతదానికీ కొత్తదానికీ పోలిక అన్నీ ఉంటాయి. కావలసింది మార్చుకుని కంట్రోల్-ఎస్ కొడితే అయిపోయిందంటారు.

తిరకాసంతా ఆ కంట్రోల్-ఎస్ దగ్గరే ఉంది. తెరుచుకున్నది చూడటానికి ఫైలే గానీ నిజానికి ఫైలు కాదు. పేరు మీద నొక్కినప్పుడు ఎక్స్‌టెన్షన్ ఆ బాక్సును కాన్ఫిగ్ అడిగింది, అది ఇచ్చిన జవాబును తెర మీద పెట్టింది. వీఎస్ కోడ్‌లో ఇందుకోసం ‘ఫైల్ సిస్టమ్ ప్రొవైడర్’ అనే ఏర్పాటు ఉంది. చదవమంటే ఏం చేయాలో, రాయమంటే ఏం చేయాలో ఎక్స్‌టెన్షన్ చెబుతుంది. ఎడిటర్ మాత్రం దాన్ని డిస్కు మీది ఫైలులాగే చూస్తుంది. ‘రాయడం’ అనే ఆ ఫంక్షన్ లోపల ఏముందో వాడేవాళ్లకు కనిపించదు. అందుకని ఏ ఎక్స్‌టెన్షన్ అయినా పనిలోకి దించే ముందు అడగాల్సినవి రెండే: సేవ్ నొక్కితే మార్పు ఎక్కడ దిగుతుంది? దిగినాక తప్పయితే వెనక్కి రావడానికి దారేది?

ఒకే పేరు, మూడు రకాలు

నెట్‌వర్క్ ఎక్స్‌టెన్షన్ అని వెతికితే వచ్చేవన్నీ ఒక జాతివి కావు. మొదటి రకం బాక్సు జోలికే పోదు. సిస్కో బాక్సులను నడిపే ఐఓఎస్ కాన్ఫిగ్‌కో మైక్రోటిక్‌ను నడిపే రౌటర్‌ఓఎస్ స్క్రిప్ట్‌కో రంగులు వేస్తుంది, సగం టైపు చేస్తే మిగతాది అందిస్తుంది. సేవ్ అంటే మీ లాప్‌టాప్ డిస్కే. దీనితో ప్రమాదం లేదు, చాలామందికి నిజంగా అవసరమైనదీ ఇదే.

రెండో రకం ఎస్ఎస్‌హెచ్ (గుప్తీకరించిన రిమోట్ లాగిన్) మీదనో నెట్‌కాన్ఫ్ మీదనో నేరుగా బాక్సుతో మాట్లాడుతుంది. నెట్‌కాన్ఫ్ అంటే కమాండ్లు టైపు చేసే పని లేకుండా ఎక్స్ఎంఎల్ రూపంలో కాన్ఫిగ్ అడగడానికి, మార్చడానికి పెట్టిన ప్రొటోకాల్. 2006లో మొదటి ప్రమాణం వచ్చింది, ఇప్పుడు వాడేది 2011లో సవరించినది. ఎస్ఎస్‌హెచ్ మీదే నడుస్తుంది గానీ పోర్టు 22 కాదు, 830. ఫైర్‌వాల్‌లో 22 ఒక్కటే తెరిచి, ఎక్స్‌టెన్షన్ పనిచేయట్లేదని గంటలు గంటలు కొట్టుకునేది ఇక్కడే. బాక్సులో కూడా దాన్ని విడిగా ఆన్ చేయాలి: ఐఓఎస్ ఎక్స్ఈలో ‘నెట్‌కాన్ఫ్-యాంగ్’ అనే కమాండ్, జునిపర్ బాక్సులను నడిపే జునోస్‌లో ‘సెట్ సిస్టమ్ సర్వీసెస్ నెట్‌కాన్ఫ్ ఎస్ఎస్‌హెచ్’.

మూడో రకం బాక్సుతో కాకుండా కంట్రోలర్‌తో, అంటే చాలా బాక్సులను ఒకేచోటి నుంచి నడిపే సర్వర్‌తో మాట్లాడుతుంది. నోకియా ఎన్ఎస్‌పీ కోసం ఉన్న ఎక్స్‌టెన్షన్లు ఈ కోవలోవి. మీరు తెరిచే వర్క్‌ఫ్లో (వరుసగా చేయాల్సిన పనులు) గానీ ఇంటెంట్ (నెట్‌వర్క్ ఎలా ఉండాలో చెప్పే వివరం) గానీ ఎన్ఎస్‌పీ సర్వర్లో ఉంటుంది, సేవ్ కొడితే అక్కడికే చేరుతుంది. రూటర్లో ఏమీ మారదు. ఆ వర్క్‌ఫ్లోను నడిపినప్పుడో, ఇంటెంట్‌ను సింక్ చేసినప్పుడో మార్పు కిందికి దిగుతుంది. రెండో రకం వాడి అలవాటైనవాళ్లు ఇక్కడ సేవ్ కొట్టి రూటర్ మారిందనుకుంటారు. మూడో రకం నుంచి వచ్చినవాళ్లు రెండో రకంలో ధీమాగా సేవ్ కొట్టి లింకు పడగొడతారు. రెండోది ఖరీదైన పొరపాటు.

మధ్యలో ఇంకో గందరగోళం. మైక్రోసాఫ్ట్ వారి ‘రిమోట్-ఎస్ఎస్‌హెచ్’ పేరు చూసి దానితో స్విచ్‌లోకి పోవచ్చనుకుంటారు. పోలేం. అది అవతలి మెషీన్ మీద వీఎస్ కోడ్ సర్వర్ ముక్కను ఎక్కించి నడుపుతుంది, దానికి లినక్సో విండోసో మ్యాకో, పూర్తి స్థాయి ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. ఆఫీసులో జంప్ సర్వర్ (బాక్సుల్లోకి పోయే ముందు లాగిన్ అయ్యే మధ్య మెషీన్) ఉంటే మాత్రం అది బాగా పనికొస్తుంది: ఎడిటర్ మీ ఇంట్లో, కాన్ఫిగ్ ఫైళ్లూ పాస్‌వర్డ్‌లూ సర్వర్లో.

తెర మీద వరుస, బాక్సులో కమాండ్

ఎడిటర్ దృష్టిలో కాన్ఫిగ్ అంటే ‘ఇలా ఉండాలి’ అనే స్థితి. సిస్కో తరహా బాక్సు దృష్టిలో అదే వరుస ‘ఇలా చెయ్యి’ అనే కమాండ్. ఈ రెండు చూపుల మధ్య తేడాలోంచే చాలా చిక్కులు పుడతాయి. ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం.

దేవరకొండలో ఒక కాలేజీ స్విచ్ ఉందనుకోండి. 24వ పోర్టు ట్రంక్ (పలు వీలాన్‌లను, అంటే ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌లను, ఒకే తీగ మీద మోసేది), అది పైకి నల్లగొండ వైపు పోయే దారి. అందులో ఉన్న వరుస: ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలవ్డ్ వీలాన్ 10,20,99’. 10 ఆఫీసుది, 20 కంప్యూటర్ ల్యాబుది, 99 మేనేజ్‌మెంటుది. సీసీ కెమెరాలకు వీలాన్ 30 కలపాలి. ఎడిటర్లో ఆ వరుసలోనే 30 చేర్చి 10,20,30,99 చేస్తే ఇబ్బంది లేదు. అలా కాకుండా పాతదాన్ని కదపడం ఎందుకని కిందనే ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలవ్డ్ వీలాన్ 30’ అని కొత్త వరుస రాశారు. తెర మీద రెండు వరుసలూ ముద్దుగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బాక్సు మాత్రం మొదటిది చదివింది, రెండోది రాగానే జాబితా మొత్తం తీసేసి 30 ఒక్కటే ఉంచింది. 99 పోయింది. మీరు స్విచ్‌తో మాట్లాడుతున్నది 99 మీదనే, కాబట్టి మీరూ పోయారు. ఎడిటర్లో ఎర్రర్ కూడా రాదు, కాసేపు తిరిగి తిరిగి టైమౌట్ అంటుంది. రాయాల్సింది ‘అలవ్డ్ వీలాన్ యాడ్ 30’. జాబితా బాగా పొడవైతే ఐఓఎస్ తానే దాన్ని ముక్కలు చేసి రెండో వరుసను ‘యాడ్’తో చూపిస్తుంది. కనుక మొదటి ముక్కను మార్చి రెండో ముక్కను పంపకపోయినా ఇదే కథ.

తీసేయడం ఇంకో తంటా. అక్కర్లేని వరుసను ఎడిటర్లో చెరిపి సేవ్ చేశారు. సాదా ఎక్స్‌టెన్షన్ మిగిలిన వరుసలను బాక్సుకు పంపుతుంది, బాక్సు వాటిని ఉన్నదానితో కలుపుకుంటుంది. చెరిపిన వరుస బాక్సులో అలాగే ఉంటుంది, ఎందుకంటే తీసేయమనే ‘నో’ కమాండు ఎవరూ దానికి చెప్పలేదు. నెట్‌కాన్ఫ్‌లోనూ అంతే: మార్పు పంపినప్పుడు ఏమీ చెప్పకపోతే ‘మర్జ్’ చేస్తుంది, తీసేయాలంటే ఆ చోట ‘డిలీట్’ అని గుర్తు పెట్టాలి. తేడాలు లెక్కగట్టి ‘నో’ వరుసలు తానే తయారుచేసి, పంపే ముందు చూపించే ఎక్స్‌టెన్షన్ అయితేనే దానితో రాయడం మొదలుపెట్టాలి. పంపబోయేది చూపించనిదాన్ని చదవడానికి మాత్రమే వాడుకోవడం మేలు.

మర్జ్ బదులు మొత్తం మార్చేసే పద్ధతీ ఉంది. ఐఓఎస్‌లో ‘కాన్ఫిగర్ రీప్లేస్’, నెట్‌కాన్ఫ్‌లో ‘రీప్లేస్’. ఇది శుభ్రమైన పద్ధతే, చేతిలో ఉన్న కాపీ పూర్తిగా ఉంటే. పేజీ పేజీకి ఆగకుండా చేసే ‘టెర్మినల్ లెంగ్త్ 0’ పెట్టకుండా షో కమాండ్ కొట్టే ఎక్స్‌టెన్షన్ మొదటి పేజీ చివర ‘మోర్’ దగ్గర ఆగి, వచ్చిన సగాన్నే ఫైలుగా చూపించిందనుకోండి. ఆ సగంతో రీప్లేస్ చేస్తే మిగతా సగం బాక్సులోంచి చెరిగిపోతుంది. ఫైలు చివర ‘ఎండ్’ అనే మాట ఉందో లేదో చూసుకునే అలవాటు ఇందుకే.

ఫైలులో అసలు కనిపించనివి కూడా ఉన్నాయి. పిడుగు పడి రూటర్ కాలిపోయింది, కొత్తది తెచ్చి దాచిన కాన్ఫిగ్ పేస్ట్ చేశారు, ఇంటర్‌ఫేస్‌లు లేవవు. కాన్ఫిగ్ చూపించే ‘షో రన్’ కమాండ్, ఇంటర్‌ఫేస్‌ను ఆన్ చేసే ‘నో షట్‌డౌన్’ను చూపించదు, కొత్త సిస్కో రూటర్లో ఇంటర్‌ఫేస్‌లు మామూలుగా షట్‌డౌన్‌లోనే ఉంటాయి. ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా కాన్ఫిగ్‌తో రావు, అక్కడికక్కడ మళ్లీ తయారుచేయాలి. దాచిన ఫైలు పైన ఈ రెండు సంగతులూ కామెంటుగా రాసిపెట్టుకుంటే ఆ రోజు పని సగం తగ్గుతుంది.

కరెంటు పోతే తెలిసే నిజం

బాక్సులో కాన్ఫిగ్ ఒక్కచోటే ఉండదు. సిస్కోలో ఇప్పుడు నడుస్తున్నది రన్నింగ్, రీబూట్ అయితే చదివేది స్టార్టప్. మొదటిదాన్ని రెండోదానిలోకి విడిగా కాపీ చేయాలి. జునోస్‌లో, నెట్‌కాన్ఫ్ పూర్తిగా అమలైన చాలా బాక్సుల్లో ‘క్యాండిడేట్’ అని చిత్తుప్రతి ఉంటుంది: అందులో ఎంత రాసినా కమిట్ కొట్టేదాకా ఏదీ నడవదు. మైక్రోటిక్‌లో ఈ మెట్లేవీ లేవు, ఎంటర్ కొట్టగానే అమలు, అప్పుడే శాశ్వతం.

ఎక్స్‌టెన్షన్ సేవ్ రన్నింగ్‌లోనే ఆగిందనుకోండి. అన్నీ పనిచేస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. నెల తర్వాత ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తుంది, కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ చాలదు. కరెంటు వచ్చాక బాక్సు పాత స్టార్టప్‌తో లేస్తుంది. “అన్నా, కరెంటు పోయొచ్చింది, గప్పటి సంది కెమెరాలు రాట్లేవు” అని ఫోను. నెల క్రితం మార్పు ఎవరికీ గుర్తుండదు. ఇలాంటప్పుడు లాగ్ చూస్తే సంగతి తెలిసిపోతుంది: సరైన సమయం అందని పాత సిస్కో స్విచ్‌లు చాలావరకు రీబూట్ తర్వాత తేదీని మార్చి 1 నుంచి మొదలుపెడతాయి.

ఇందుకని కొత్త ఎక్స్‌టెన్షన్ వచ్చిన రోజే ఒక పరీక్ష చేయాలి. ఎవరూ వాడని పోర్టు డిస్క్రిప్షన్‌లో ఒక మాట మార్చి సేవ్ కొట్టండి. తర్వాత పుట్టీతో విడిగా పోయి రన్నింగ్‌లో ఉందా, స్టార్టప్‌లో ఉందా, ఎక్కడా లేదా చూడండి. ఎక్స్‌టెన్షన్ పేజీలో ఎంత రాసినా ఇంత స్పష్టంగా తేలదు. అదే ఊపులో రెండో పరీక్ష: ఫైలు ఎడిటర్లో తెరిచి ఉంచి, పుట్టీలోంచి ఆ డిస్క్రిప్షన్ మార్చండి, ఆపై ఎడిటర్లో ఇంకేదో మార్చి సేవ్ చేయండి. మామూలు ఫైలైతే ‘బయట మారింది, పోల్చి చూసుకో’ అని వీఎస్ కోడ్ అడ్డుపడుతుంది. ఎక్స్‌టెన్షన్ ఫైలు మారిన సమయాన్ని సరిగా అందించకపోతే ఆ అడ్డు ఉండదు, మీ పాత కాపీ నేరుగా వెళ్లి ఇంకొకరు చేసిన మార్పును చెరిపేస్తుంది. వీఎస్ కోడ్‌ను మూసినా సేవ్ చేయని ఫైళ్లను అది గుర్తుంచుకుంటుంది కాబట్టి శుక్రవారం వదిలేసినది సోమవారం పొద్దున మళ్లీ తెర మీద ఉంటుంది. దాన్ని సేవ్ చేయకండి. రివర్ట్ చేసి కొత్తగా చదివించుకోండి.

వెనక్కి వచ్చే దారి ముందే వేసుకోవడం

నల్లగొండ నుంచి దేవరకొండకు మనిషిని పంపితే రానూపోనూ పూట గడిచిపోతుంది. నల్లమల లోపలి ఊర్లకైతే రోజంతా. కాబట్టి దానంతటదే పాతదానికి తెచ్చే టైమర్ లేకుండా దూరపు బాక్సులో అప్‌లింక్, రూటింగ్, మేనేజ్‌మెంట్ ఐపీ ముట్టుకోకూడదు.

జునోస్‌లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ కొడితే 10 నిమిషాల్లో మళ్లీ కమిట్ రాకపోతే పాతదానికి తిరిగి పోతుంది. నెట్‌కాన్ఫ్ ప్రమాణంలోనూ ఇదే ఉంది, మామూలు గడువు 600 సెకన్లు. ఎడిటర్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మెలిక ఒకటి: ‘పర్సిస్ట్’ అని ప్రత్యేకంగా అడగకపోతే, గడువు అయ్యేలోగా సెషన్ తెగినా మార్పు వెంటనే వెనక్కి పోతుంది. లాప్‌టాప్ మూత వేసినా, వీఎస్ కోడ్‌లో ‘రీలోడ్ విండో’ నొక్కినా సెషన్ తెగుతుంది. పెట్టిన మార్పు దానంతటదే మాయమైందని వచ్చే ఫిర్యాదులకు ఇదొక కారణం. ఇంకొకరు మార్చకుండా వేసే లాక్ కూడా అంతే, సెషన్‌తోనే పోతుంది. లాక్ తీసుకోకుండా అందరి క్యాండిడేట్‌లో రాస్తే ఇంకొకరు సగంలో ఆపిన పని మీ కమిట్‌తో పాటు నడవడం మొదలవుతుంది.

ఐఓఎస్‌లో పాత ఉపాయం ‘రీలోడ్ ఇన్ 10’. మార్పు చెడితే 10 నిమిషాలకు బాక్సు రీబూట్ అయి స్టార్టప్‌తో లేస్తుంది. బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’. సేవ్ కొట్టగానే స్టార్టప్‌లోకి కూడా రాసే ఎక్స్‌టెన్షన్‌తో ఈ ఉపాయం పనికిరాదు: రీబూట్ అయినా చెడిపోయిన కాన్ఫిగే లేస్తుంది. పైన చెప్పిన మొదటి పరీక్ష ఇందుకూ అవసరమే. పాత కాన్ఫిగ్‌లు దాచే ‘ఆర్కైవ్’ పెట్టి ఉంటే ‘కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 5’ మెరుగు, రీబూట్ లేకుండా వెనక్కి వస్తుంది, బాగుంటే ‘కాన్ఫిగర్ కన్ఫర్మ్’ కొట్టాలి.

మైక్రోటిక్‌లో టెర్మినల్లో కంట్రోల్-ఎక్స్ నొక్కితే సేఫ్ మోడ్, కనెక్షన్ తెగితే చేసినవి రద్దవుతాయి. ఎక్స్‌టెన్షన్ ఏపీఐ (ప్రోగ్రాములు బాక్సుతో మాట్లాడే దారి) మీద పంపే మార్పులకు ఆ రక్షణ ఉందనుకోవద్దు. ముందు బ్యాకప్ తీసి, 10 నిమిషాల తర్వాత దాన్నే లోడ్ చేసేలా షెడ్యూలర్‌లో ఒక వరుస పెట్టి, పని సరిగా అయ్యాక ఆ వరుసను తీసేయాలి. తీయడం మరిచిపోతే బాగున్న బాక్సే రీబూట్ అవుతుంది.

ఏ బాక్సయినా, ఖాయం చేసే ముందు కొత్త సెషన్ తెరిచి లాగిన్ అవ్వండి. ఉన్న సెషన్ బతికి ఉన్నంత మాత్రాన కొత్తది వస్తుందని కాదు, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే యాక్సెస్ లిస్ట్ మార్చినప్పుడు ముఖ్యంగా.

ఎడిటర్ సెట్టింగుల్లో ముందు ఆపేయాల్సినవి

‘ఆటో సేవ్’ మొట్టమొదటిది. డెస్క్‌టాప్ వీఎస్ కోడ్‌లో అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. బ్రౌజర్లో నడిచేదానిలో మాత్రం ఆన్‌లో ఉంటుంది, టైపింగ్ ఆపిన 1000 మిల్లీసెకన్లకు సేవ్. బాక్సుకు కట్టిన ఫైలులో ఐపీ అడ్రస్ సగం కొట్టి ఫోను ఎత్తితే చాలు. ‘ఫార్మాట్ ఆన్ సేవ్’, వరుస చివరి ఖాళీలు కత్తిరించే సెట్టింగు కూడా ఆ వర్క్‌స్పేస్‌లో ఆపండి. ఎక్స్‌టెన్షన్ల ఆటో అప్‌డేట్ కూడా: నిన్న చూపించి అడిగి పంపినది, కొత్త వెర్షన్‌లో అడగకుండా పంపవచ్చు.

ఆన్‌లోనే ఉంచాల్సింది అనుమానపు అక్షరాల చుట్టూ గీత గీసే ‘యూనికోడ్ హైలైట్’. వాట్సాప్‌లోంచి తెచ్చిన కమాండ్లలో వంకర కోట్లు, హైఫన్ బదులు పొడవు గీతలు, కనిపించని ఖాళీలు వస్తాయి. కంటికి తేడా తెలియదు, బాక్సు ఒప్పుకోదు. ఐఓఎస్‌లో ప్రశ్నార్థకం ఇంకో రకం: పాస్‌వర్డ్‌లో ఆ గుర్తు ఉంటే బాక్సు దాన్ని సహాయం అడిగినట్టుగా తీసుకుంటుంది, పాస్‌వర్డ్ తప్పుగా పడుతుంది.

కనెక్షన్ దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు. పాత స్విచ్‌లో ‘నో మ్యాచింగ్ కీ ఎక్స్‌చేంజ్ మెథడ్ ఫౌండ్’ అని వస్తే పాస్‌వర్డ్ తప్పు కాదు: ఆ స్విచ్‌కు తెలిసిన పాత గుప్తీకరణ పద్ధతులను కొత్త ఎస్ఎస్‌హెచ్ వద్దంటోంది. మినహాయింపు ఆ ఒక్క స్విచ్‌కే ఇవ్వండి, అన్నిటికీ కాదు. వీలైతే ముందు స్విచ్ సాఫ్ట్‌వేర్ మార్చండి. రెండోది సెషన్లు నిండిపోవడం. చాలా సిస్కో బాక్సుల్లో రిమోట్ లాగిన్ కోసం ఉండే వీటీవై లైన్లు 0 నుంచి 4, అంటే ఒకేసారి ఐదుగురే. జాబితా రిఫ్రెష్ అయిన ప్రతిసారీ కొత్త సెషన్ తెరిచి మూయడం మరిచే ఎక్స్‌టెన్షన్ ఐదూ తినేస్తుంది. మామూలు గడువైన 10 నిమిషాలు గడిచేదాకా మీరే లోపలికి పోలేరు.

పాస్‌వర్డ్‌ల సంగతి: ఎక్స్‌టెన్షన్ వాటిని సెట్టింగ్స్ ఫైలులో రాయమంటే అక్కడే ఆగిపోండి. ఆ ఫైలు ప్రాజెక్టు ఫోల్డర్లో ఉంటే గిట్‌తో (ఫైళ్ల పాత వెర్షన్లన్నీ దాచే టూల్) పాటు బయటికి పోతుంది. సిస్టమ్ తాళంలో భద్రపరిచే ‘సీక్రెట్ స్టోరేజ్’ వీఎస్ కోడ్‌లో ఎప్పటి నుంచో ఉంది, దాన్ని వాడని ఎక్స్‌టెన్షన్‌ను నమ్మనక్కర్లేదు. కాన్ఫిగ్ ఫైళ్లలో కూడా రహస్యాలుంటాయి. సిస్కో టైప్ 7 పాస్‌వర్డ్ చూడటానికే గజిబిజి, క్షణంలో విప్పేయవచ్చు. మైక్రోటిక్ వెర్షన్ 7లో ఎక్స్‌పోర్ట్ మామూలుగానే పాస్‌వర్డ్‌లు దాస్తుంది, 6లో మనమే దాచమని చెప్పాలి. ఇంకోటి, వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌కు మీ లాగిన్‌కు ఉన్న హక్కులన్నీ ఉంటాయి. ఫైళ్లు చదవగలదు, బయటికి కనెక్షన్ తెరవగలదు. ఊరూపేరూ లేని పబ్లిషర్ రంగుల ఎక్స్‌టెన్షన్‌ను కాన్ఫిగ్‌లున్న మెషీన్లో వేయకపోవడమే మంచిది.

ఎక్కడ మొదలుపెట్టాలి

చదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌ను ప్రతి బాక్సులో తయారుచేసి, ఎక్స్‌టెన్షన్‌కు మొదట అదే ఇవ్వండి. రోజూ రాత్రి ఆక్సిడైజ్డ్ లాంటి కాన్ఫిగ్ బ్యాకప్ టూల్‌తో కాన్ఫిగ్‌లు గిట్‌లోకి చేరేలా పెట్టి, పొద్దున ఎడిటర్లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా లాభసాటి పని. ‘ఎవరూ ఏం ముట్టుకోలేదు’ అన్న మాటకు జవాబు అందులో ఉంటుంది.

రాయడం నేర్చుకోవడానికి నిజం బాక్సులు అక్కర్లేదు. లాప్‌టాప్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ నడిపే కంటైనర్‌ల్యాబ్ ఉచితం, దానికి వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. నోకియా రూటర్ సాఫ్ట్‌వేర్ ఎస్ఆర్ లినక్స్ ఇమేజ్ లైసెన్సు లేకుండా దొరుకుతుంది. విండోస్‌లో అయితే ముందు లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 కావాలి. 8 జీబీ లాప్‌టాప్‌లో రెండు నోడ్లతో మొదలుపెట్టొచ్చు. మధ్యలో ఒక లింకు గీసి, మేనేజ్‌మెంట్ ఐపీని కావాలనే తప్పుగా మార్చి, టైమర్‌తో ఒకసారి, టైమర్ లేకుండా ఒకసారి కమిట్ కొట్టి చూడాలి. జిల్లాల్లోని ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులకు ఇది చాలు.

ఇన్ని చేసినా ఒక కన్సోల్ కేబుల్, యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ దూరపు సైట్‌లో ర్యాక్‌కే కట్టి ఉంచండి. సిస్కోకు 9600, మైక్రోటిక్‌కు 115200, రెండింటికీ 8 బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. ఆ అంకెలు కేబుల్‌కే చీటీ అంటించి రాయండి. అక్కడున్న తమ్ముడికి ఫోన్లో చెప్పడం కంటే అతను చదివి కొట్టడం తేలిక.